నిన్నటి నీళ్ళు

తొంభై ఆరు ఎండాకాలంలో మా అత్తగారు రోజూ పొద్దున్నే పారబోసిన నీళ్ళు తల్చుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ తర్వాత జరిగింది తల్చుకుంటే ఆ మంట కాస్తా చల్లారిపోతుంది. అందుకని రెండూ కలిపే చెప్పాలి.

మేముండేది దేశ రాజధానిలో, వసంత్ కుంజ్‌లో రెండో అంతస్తు. మా ఆయన రంగనాథ్‌కి సర్కారు ఆఫీసులో ఉద్యోగం, ఇంట్లో నోరు మెదపని స్వభావం. మా అమ్మాయి అక్షరకి మూడేళ్ళు నిండాయి. ఆ ఏప్రిల్‌లో నాకు తెలుగు పిల్లలు చదువుకునే ఒక బళ్ళో టీచరు ఉద్యోగం వచ్చింది. బీఎడ్ పాసై ఎనిమిదేళ్ళుగా ఆ సర్టిఫికెట్టుని పట్టుచీరల అడుగున దాచుకున్నదాన్ని, ఆర్డరు కాగితం అందిన రోజు వంటింట్లో ఒక్కదాన్నే గంతులేశాను. జులై ఒకటిన చేరమన్నారు. అక్షరని చూసుకోవడానికి తెనాలి నుంచి మా అత్తగారు మాణిక్యాంబగారిని పిలిపించాం. ఆవిడ ఉంటే నాకు ఉద్యోగం ఉన్నట్టు, ఆవిడ పెట్టె సర్దుకుంటే లేనట్టు.

ఆవిడ ఒక ట్రంకు పెట్టెతో, మూడు ఇత్తడి బిందెలతో దిగారు.

"ఇక్కడ బిందెలు దొరకవా అత్తయ్యా, ఇంత దూరం మోసుకొచ్చారు?" అన్నాను.

"దొరుకుతాయి. ఎవరు తాకినవో ఏమిటో" అన్నారు.

అప్పుడే నాకు అర్థం కావలసింది. మర్నాడు పొద్దున్న అర్థమైంది. స్నానం చేసి, దండెం మీద కర్రతో ఆరేసుకున్న మడిచీర కట్టుకుని, వెనక బాల్కనీలోకి వెళ్ళారు. అంట్లు తోముకునేది అక్కడే. ముందు ఆ గచ్చంతా పీచుతో గీసి గీసి కడిగారు. తర్వాత ముందురోజు పట్టిన బిందెల్లో మిగిలిన నీళ్ళు గచ్చు మీద గుమ్మరించారు. రెండు బిందెల నీళ్ళు గుడగుడమంటూ గొట్టంలోకి పోయాయి.

"అయ్యో అయ్యో, మంచినీళ్ళండీ!" అని అరిచాను.

"పాచి నీళ్ళు. రాత్రి నిలవున్న నీళ్ళు దేవుడికి పెడతామా? వంటకి పనికొస్తాయా? మా అత్తగారి కాలం నుంచీ ఇంతే."

"పోనీ ఈ డ్రమ్ములో పొయ్యండి. బట్టలకి వాడుకుంటాం."

"ఆ డ్రమ్ము అందరూ తాకేది. నీళ్ళు పోస్తుంటే ధార కలుస్తుంది, నా బిందె మైలపడుతుంది. అంత మాత్రం తెలియదూ, బీఎడ్డు చదివావు" అన్నారు.

అంత మాత్రం నాకు నిజంగా తెలియదు. ధార వెంబడి మైల పైకి పాకుతుందని ఏ బీఎడ్డులోనూ చెప్పలేదు. కానీ జులై ఒకటి గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

ఏప్రిల్‌లో పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట నీళ్ళొచ్చేవి కాబట్టి ఎలాగో గడిచింది. మే రెండో వారం నుంచి సాయంత్రం నీళ్ళు ఆగిపోయాయి. మూడో వారానికి రోజు విడిచి రోజు, అదీ తెల్లారకముందు అరగంట, దారంలా. మిగతా రోజుల్లో ట్యాంకర్ వస్తే వచ్చినట్టు. ట్యాంకర్ హారన్ వినిపిస్తే చాలు, మా మెట్ల మీద బకెట్ల మోత. ఆఫీసర్ల భార్యలు, యూనివర్సిటీ కుర్రాళ్ళు, పెన్షనర్లు అందరూ ఒకరి పైపు ఒకరు లాక్కోవడమే. కింద ఇంటి మల్హోత్రా ఆంటీ, దీపావళికి నాకు మిఠాయి డబ్బా పంపే మనిషి, నా బకెట్టుని కాలితో పక్కకి నెట్టింది. నేనూ ఊరుకోలేదు లెండి.

మా ఆయన తన వంతుగా ఒక ప్రయోగం చేశారు. కూలరు రోజుకి నాలుగు బకెట్లు తాగుతుందని, బట్టలు జాడించిన నీళ్ళు అందులో పోశారు. మధ్యాహ్నానికి కూలర్లోంచి సబ్బు నురగ ఎగిరొచ్చి అక్షర నెత్తిన పడింది. అది మంచు కురుస్తోందనుకుని చప్పట్లు కొడుతూ "మమ్మీ, బరఫ్!" అని గంతులు. ఇల్లంతా మూడు రోజులు సర్ఫు వాసన.

ఇంత జరుగుతున్నా అత్తగారు బిందెలు గుమ్మరించడం మానలేదు. ట్యాంకర్ దగ్గర చేతులు బొబ్బలెక్కేలా మోసుకొచ్చిన నీళ్ళు నా కళ్ళముందే గొట్టంలోకి పోయేవి. ఒకరోజు ఇక ఆగలేకపోయాను.

"అత్తయ్యా, ఊళ్ళో తాగడానికి చుక్క లేక జనం కొట్టుకుంటున్నారు. మీరిలా పారబోస్తుంటే నాకు కడుపు తరుక్కుపోతోంది."

ఆవిడ బిందె కింద పెట్టి నడుం మీద చేయి వేసుకున్నారు. "కడుపున పుట్టిన కొడుకు ఇంట్లో రెండు బిందెల నీళ్ళకి మాట పడే ఖర్మ నాకేం పట్టింది? మా తమ్ముడు బసవపున్నయ్య రమ్మని ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తున్నాడు. నోరు మూసుకుని అక్కడికి పోతే సరి!"

గొంతు ఎంత పైకి లేచిందంటే వెనక కట్టే కొత్త ఫ్లాట్ల దగ్గర కూలీలు కూడా తలెత్తి చూశారు. నేను గబగబా తగ్గిపోయాను. ఆ రోజు మా ఆయన ఆఫీసు నుంచి రాగానే సంగతంతా చెప్పి, "మీరొక మాట చెప్పండి మీ అమ్మకి" అన్నాను. ఆయన పేపరు మడిచి, మళ్ళీ విప్పి, "ఇద్దరూ చెప్పేది కరెక్టే సుభద్రా" అన్నారు. అలాంటి మనిషితో సంసారం చేయడం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుస్తుంది.

అలా నా బుర్రకి ఒక దొంగ ఆలోచన తట్టింది. బిందెలెత్తి ఎత్తి అత్తగారికి నడుం పట్టేసింది. ఇదే సమయమని, "మీరు వంగకండి అత్తయ్యా. నేనే తలారా స్నానం చేసి తడిబట్టతో నీళ్ళు పట్టిపెడతాను. నీళ్ళు కూడా తెల్లారకముందే వస్తున్నాయి, ఆ వేళకి మీరెందుకు లేవడం?" అన్నాను. ఆవిడ నా మొహంలోకి కాసేపు చూసి, "బుద్ధిగా పడతానంటే సరే" అన్నారు.

మర్నాడు ఆవిడకంటే ముందే లేచాను. నిన్నటి నీళ్ళు మెల్లిగా ఒక శుభ్రమైన బకెట్టులోకి వంచి, బిందెలు చింతపండుతో తోమి తళతళలాడించి, అవే నీళ్ళు మళ్ళీ పోసి, మీద తడిగుడ్డ కప్పాను. కుళాయి బొట్టు రాల్చని రోజది, ఆ సంగతి నిద్రపోతున్న ఆవిడకి తెలియదు. "పట్టేశానండీ" అన్నాను. ఆవిడ బిందె మీద చేయి వేసి చల్లదనం చూసి, తృప్తిగా చెంబు ముంచుకున్నారు. నాకు నవ్వొచ్చింది. నాలుగు రోజులు అలాగే గడిచాయి. ఒక్క బిందె కూడా గొట్టంలోకి పోలేదు. ఇంట్లో మొదటిసారి డ్రమ్ము నిండా నీళ్ళు నిలిచాయి. జులై ఒకటి దాకా ఇలాగే లాక్కొచ్చేయొచ్చని లోలోపల మురిసిపోయాను.

అయిదో రోజు పొద్దున్న ఎవరో తలుపు తట్టారు. తీసి చూస్తే పాతికేళ్ళు కూడా ఉండని ఆడమనిషి. చీర అంచు నిండా సిమెంటు మరకలు, చంకలో ఏడాది నిండని పసిపిల్ల, చేతిలో మూతలేని ప్లాస్టిక్ డబ్బా. నేను హిందీలో ఏదో అడగబోయాను.

"అమ్మా, మీరు ఊర్లనే ఉన్నరా?" అంది చక్కగా తెలుగులో. "నాల్గు దినాల సంది పైపుల నీళ్ళు వడ్తలేవు. అవ్వకు పానం బాగలేదేమోనని వచ్చిన."

"ఏ పైపు? ఏ అవ్వ?"

"మీ ఎన్క గోడకు పైపు లేదా, కింద పగిలింది? పొద్దుగాల అవ్వ పైకెల్లి బిందెలు గుమ్మరిస్తది గద. మొదలొచ్చేటివి ఇడిసిపెడ్త. ఎన్కకొచ్చేటివి తేటగుంటయి. కొంగు అడ్డం వెట్టి పట్టుకుంట."

"పట్టుకుని?" అన్నాను.

"తాగుతం. నా బిడ్డకు గవే తాపుత. మాకాడ ఇటుకలు తడిపే తొట్టిల నీళ్ళేనాయె, గవి తాపితే కక్కుతది. ఈ నాల్గు దినాలు ఆ తొట్టి నీళ్ళే తాపిన. సూడు, ఎట్ల గుంజుకపోయిందో." చంకలో పిల్ల కళ్ళు లోపలికి పోయి, పెదాలు ఎండి ఉన్నాయి.

ఆ మనిషి పేరు గౌరి. పాలమూరు జిల్లా నారాయణపేట దగ్గర ఊరు. మొగుడూ తనూ వెనక ఫ్లాట్ల పనికి వచ్చారు. మేం తెలుగువాళ్ళమని ఎలా తెలిసిందని అడిగితే సిగ్గుపడుతూ నవ్వింది.

"అవ్వ రోజు కోడలిని తిడ్తది గద, కిందికి మంచిగ ఇనవడ్తది. మా ఊరి మాట ఇన్నట్టుంటదని నేను ఆడనే నిలవడ్త. గా కోడలివి నువ్వేనా అక్కా?"

ఇంకోసారైతే పగలబడి నవ్వేదాన్ని. కానీ వంటింటి గుమ్మంలో అత్తగారు నిలబడి ఉన్నారు. అంతా విన్నారు. నేను గౌరి డబ్బా నింపి, పిల్లకి పంచదార, ఉప్పు కలిపిన నీళ్ళు చెంచాతో పట్టించి పంపేదాకా ఆవిడ అక్కణ్ణుంచి కదల్లేదు.

తలుపు వేసి వెనక్కి తిరిగాను.

"ఈ నాలుగు రోజులూ దేవుడికి ఏ నీళ్ళు పెట్టించావు?" అని అడిగారు. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"నిన్నటివే అత్తయ్యా."

"వంట?"

"వాటితోనే."

"తడిబట్ట?"

నేను తల అడ్డంగా ఊపాను.

ఆవిడ లోపలికి వెళ్ళి పొయ్యి మీద ఉడుకుతున్న పప్పు కింద గ్యాస్ ఆర్పేశారు. ఆ రోజంతా రెండు అరటిపళ్ళు తిన్నారంతే. సాయంత్రం మా ఆయన చెప్పులు విప్పకముందే, "ఒరే, తెనాలికి నాకో టిక్కెట్టు తియ్యి. ఎంత తొందరగా అయితే అంత" అన్నారు. ఆయన నా వైపు చూశారు. నేను బాత్‌రూములోకి పోయి తలుపేసుకుని, ఖాళీ బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుని ఏడ్చాను. ఉద్యోగం పోయిందని ఏడ్చాను, నిజమే. కానీ నేను తెలివిగా నీళ్ళు ఆదా చేశానని మురిసిపోయిన నాలుగు రోజులూ ఆ పసిది ఇటుకల తొట్టి నీళ్ళు తాగిందే అని కూడా ఏడ్చాను. ఆ పారబోత ఆగాలని నేనే కదా కోరుకున్నది.

మొహం కడుక్కుని బయటికొచ్చేసరికి అత్తగారు వెనక బాల్కనీలో, గొట్టం కన్నం పక్కన గొంతుక్కూర్చుని ఉన్నారు. కన్నానికి అన్నం మెతుకులు, కూర తొక్క అంటుకుని ఉన్నాయి. వాటికేసే చూస్తున్నారు.

"అంట్లు తోమే గొట్టం" అన్నారు, నాతో అన్నట్టు కాదు. "ఎంగిలి గొట్టం నీళ్ళు పసిదాని గొంతులో పోశాను."

"మనకి తెలియదు కదా అత్తయ్యా" అన్నాను.

మర్నాడు వంతు ప్రకారం నీళ్ళు రావాలి, రాలేదు. నేను లేచేసరికి ఆవిడ స్నానం, మడిచీర అయిపోయాయి. బిందెల దగ్గరికి వెళ్ళారు. ఇంక గుడగుడమంటుందని నేను మంచం మీదే కళ్ళు మూసుకుని ఎదురు చూశాను. చప్పుడు రాలేదు. వీధి తలుపు గడియ తీసిన శబ్దం వినిపించింది. లేచి పరిగెత్తి చూస్తే బిందె లేదు, ఆవిడా లేరు. వెనక బాల్కనీలోకి వెళ్ళి కిందికి వంగి చూశాను.

ఆ పట్టేసిన నడుంతో, నిండు బిందె చంకనెత్తుకుని రెండంతస్తులు దిగి, గోడ చుట్టూ తిరిగి, పగిలిన గొట్టం దగ్గరికి వెళ్ళారు. గౌరి అక్కడే ఉంది. ఆవిణ్ణి చూసి రెండడుగులు వెనక్కి వేసింది.

"అవ్వా, మడి కట్టుకున్నవు. దగ్గరికి రాకు, ముట్టయితది."

"డబ్బా పెట్టు" అన్నారు అత్తగారు.

"కింద వెట్టి పో అవ్వా, నేను తీసుకుంట."

"బిందె వదిలి ఎలా పోతాను? డబ్బా పెట్టవే, చేతులు లాగేస్తున్నాయి!"

గౌరి డబ్బా పట్టుకుంది. అత్తగారు బిందె వంచారు. పైనుంచి నాకు కనిపించింది అదొక్కటే. ఇత్తడి బిందె అంచు నుంచి గౌరి చేతిలోని డబ్బా దాకా ఒకే ధార, ఎక్కడా తెగకుండా. డబ్బా నిండగానే ఆవిడ బిందె నిలబెట్టి, పసిదాని వైపు చూసి, "కాచి చల్లార్చి పట్టు. రేపు పైకి రా, ఈ గొట్టం దగ్గర నిలబడ్డావంటే ఊరుకోను" అన్నారు.

పైకి వచ్చేసరికి ఆయాసపడుతున్నారు. బిందెలో మూడోవంతు నీళ్ళు మిగిలే ఉన్నాయి. నేను చింతపండు నానబెట్టిన గిన్నె తెచ్చి పక్కన పెట్టాను, తోముకుంటారని. ఆవిడ దాన్ని చూశారు, నన్ను చూశారు.

"ఎందుకది? పులుసు కాయాలా? బియ్యం కడుగు" అని, ఆ బిందెలో నీళ్ళే ముంచి ఎసరు పెట్టారు.

అన్నాల దగ్గర మా ఆయన, ఆ మనిషికి సమయం సందర్భం తెలియదు, "టిక్కెట్టు ఏ తారీకుకి తియ్యనమ్మా?" అని అడిగారు. నా చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది.

"ముందా కూలరు సంగతి చూడరా. నాలుగు బకెట్లట, ఏనుగుకి పోసినట్టు" అన్నారు ఆవిడ.

ఆ మర్నాటి నుంచి మా ఇంట్లో మొదలైంది అసలు మడి. మా అత్తగారి పట్టుదల ఎక్కడికీ పోలేదు, బిందెల మీది నుంచి బకెట్ల మీదికి మారింది, అంతే. బియ్యం కడిగిన నీళ్ళతో కూరగాయలు కడగాలి. అవి వడగట్టి కరివేపాకు డబ్బాకీ తులసికీ పోయాలి. స్నానం టబ్బులో నిలబడి చేయాలి, ఆ నీళ్ళు పాయఖానాకి. బట్టలు జాడించిన నీళ్ళు గచ్చు తుడవడానికి. కూలరు మధ్యాహ్నం రెండు గంటలే, మిగతా వేళ తడిపిన దుప్పటి కిటికీకి కట్టడం. ఏ బకెట్టు ఎక్కడుండాలో అక్కడే ఉండాలి. కూరగాయల బకెట్టులో మా ఆయన పొరపాటున చేయి కడుక్కున్న రోజు ఆవిడ చేసిన రభస చూడాలి. "తాకకురా! తాకకు!" అని అరుపు. నలభై ఏళ్ళుగా మడి కోసం అరిచిన అరుపే, అదే గొంతు.

అక్షర ఎవరైనా కుళాయి తిప్పితే చాలు, చూపుడువేలు ఊపుతూ "బామ్మా డాంటేగీ!" అని, బామ్మ తిడుతుందని హెచ్చరించేది.

రోజూ పొద్దున్న గౌరి పైకొచ్చేది. ముందు గుమ్మం బయట, వారం తిరిగేసరికి వంటింటి గడప దగ్గర. అత్తగారు మడిలో ఉన్నంతసేపు గౌరి చేయి తగలకుండా చూసుకునేవారు, లేదని అబద్ధం చెప్పను. ఎవరూ ఒక్కరోజులో మారిపోరు. కానీ ధార మాత్రం రోజూ కలిసేది. పిల్ల బుగ్గలు నిండుకుంటుంటే, "దీనికి నా నీళ్ళు పడ్డాయి" అనేవారు గొప్పగా.

అది చూసి మల్హోత్రా ఆంటీ ఒకరోజు నన్ను ఆపి, "యే తుమ్హారీ సాసూమా రోజ్ క్యా కర్తీ హై?" అని, మా అత్తగారు రోజూ చేసేదేమిటో ఆరా తీసింది. చెప్పాను. నాలుగు రోజుల్లో మా మెట్ల వరసలో ఆరిళ్ళ ముందూ మూతపెట్టిన బకెట్టొకటి వెలిసింది, కూలీల కోసం. ట్యాంకర్ దగ్గర నా బకెట్టుని ఆంటీ మళ్ళీ నెట్టింది, ఈసారి ముందుకి.

జూన్ ఆఖరి వారంలో వాన పడింది. మూడు రోజులు కురిసింది. కుళాయిలు మళ్ళీ రెండు పూటలా రావడం మొదలుపెట్టాయి. నాకు లోపల ఒకటే బెంగ. నీళ్ళు వచ్చేశాయి కాబట్టి పాత పద్ధతి మళ్ళీ వస్తుందేమో, మళ్ళీ గొడవ, మళ్ళీ టిక్కెట్టు. పైకి అడిగే ధైర్యం లేదు.

జులై ఒకటి. గంజిపెట్టిన చీర కట్టుకుని, సర్టిఫికెట్టు ఉన్న ఫైలు చంకలో పెట్టుకుని అద్దం ముందు నిలబడ్డాను. వంటింట్లో కుళాయి పూర్తిగా తిప్పినట్టు ధారాళంగా వస్తోంది. బిందెలు కదిలిన చప్పుడైంది. నేను జడ అల్లుకోవడం ఆపి చెవులు రిక్కించాను. ఇప్పుడు గుడగుడమంటుంది, ఇప్పుడంటుంది అనుకుంటూ.

కుళాయి కట్టేశారు. కొత్త నీళ్ళు పట్టిన బిందెకి మూత పడింది. ఇంకేమీ వినిపించలేదు.

అత్తగారు స్టీలు గ్లాసుతో నా గదిలోకి వచ్చారు. చీర కుచ్చిళ్ళు పైనుంచి కిందికి ఒకసారి చూశారు.

"బళ్ళో పిల్లలకి అబద్ధాలు నేర్పకు" అన్నారు.

నాకు చెవులు ఎర్రబడ్డాయి. తల వంచుకున్నాను. ఆవిడ గ్లాసు నా చేతిలో పెట్టారు. వేళ్ళు తగిలాయి. మడిచీరలోనే ఉన్నారు.

"ఎండ ఇంకా తగ్గలేదు, తాగి వెళ్ళు. నిన్నటివే" అన్నారు.